ఆలిస్ స్ప్రింగ్స్‌లో నాగుల చవితి

నాకు కాలు ఒకచోట నిలవదని మా అత్తగారు పెళ్ళైన మూడో నెలలోనే కనిపెట్టారు. అప్పటికే మేం హైదరాబాదులో రెండో అద్దె ఇంట్లోకి మారాం. "నీ పెళ్ళాం పెట్టెలు పూర్తిగా విప్పదురా, ఎప్పుడూ సగం సర్దే ఉంచుతుంది" అని మా ఆయనతో అన్నారట. ఆ మాట చెవిన పడి రెండ్రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను కానీ, నిజమే. ఈ ప్రయాణం సంగతి చెప్పాలంటే ముందు ఆ నిజం ఒప్పుకోవాలి. లేకపోతే మీకు సగం అర్థం కాదు.

ఆస్ట్రేలియా వచ్చాక మెల్బోర్న్ పక్కన టార్నీట్‌లో ఇల్లు కొని, వాకిట్లో గడ్డి పచ్చబడకముందే అమ్మేశాం. బ్రిస్బేన్ వచ్చి సన్నీబ్యాంక్‌లో రెండేళ్ళున్నాం. ఇప్పుడు అక్కడికి రెండు గంటల దూరంలో టూవూంబా. నేను ఆసుపత్రి ఫార్మసిస్టుని. ఊరు మారిన ప్రతిసారీ నాకు కాస్త పెద్ద ఉద్యోగం, మా అమ్మాయి మేధకి కొత్త బడి. దానికిప్పుడు పదేళ్ళు. చదువుతున్నది మూడో బడి.

ఇలా ఉండగా ఆలిస్ స్ప్రింగ్స్ ఆసుపత్రి నుంచి నాకో ఉద్యోగం వచ్చింది. ఖండం నడిమధ్యన, చుట్టూ వందల కిలోమీటర్లు ఎర్ర ఎడారి తప్ప ఏమీ లేని ఊరది. వస్తానో రానో సోమవారం మధ్యాహ్నంలోగా చెప్పాలి. మా ఆయన ఇక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్తారు. ఆయన కోప్పడలేదు, వాదించలేదు. నన్నడక్కు, పిల్లని తీసుకెళ్ళి నాలుగు రోజులు ఊరు చూపించు, దానికి నచ్చితే నేనూ సరే అన్నారు. ఉద్యోగం మాట మాత్రం దానితో చెప్పొద్దన్నారు. చెప్తే మనకోసం తల ఊపుతుందట. ఆ మాట నాకు గుచ్చుకుంది కానీ, టికెట్లు కొనే తొందరలో దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

ఆయన పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఇంట్లో ఉండిపోయారు. ఆర్నెల్లు మా దగ్గరుందామని తెనాలి నుంచి వచ్చిన అత్తగారు మాత్రం బయల్దేరారు. చెప్పొచ్చేదేమిటంటే, ఇది విహారయాత్ర కాదు, పెళ్ళిచూపులు. పెళ్ళికొడుకు ఊరు, పెళ్ళికూతురు మేధ. పెళ్ళికూతురికి తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు.

నీళ్ళు లేని నది

విమానం దిగగానే గడియారం అరగంట వెనక్కి తిప్పుకోవాలి. అత్తగారికి ఇది అస్సలు మింగుడుపడలేదు. తేడా ఉంటే గంట ఉండాలి, రెండు గంటలుండాలి, ఈ అరగంట బేరమేమిటన్నారు. ఆవిడ బాధ వేరు. ఎల్లుండి నాగుల చవితి. తిథి ఎప్పటిదాకా ఉందో ఫోన్లో పంచాంగం తెరిచి, ముందు ఇండియా టైము, తర్వాత టూవూంబా టైము, ఇప్పుడు ఈ అరగంట, అన్నీ కలిపి తీసి మూడుసార్లు లెక్క వేశారు. మూడుసార్లూ మూడు జవాబులొచ్చాయి. చివరికి పొద్దున్నే చేసేస్తే ఏ గొడవా ఉండదని తేల్చారు. ఆవిడ చేతిసంచిలో స్టీలు డబ్బా, డబ్బాలో నువ్వుల చిమ్మిలి. స్కానర్ దగ్గర ఆ డబ్బాని రెండుసార్లు తిప్పి తిప్పి చూశారు.

అక్టోబరు చివరి వారం. ఎండ మాడ్చేస్తోంది కానీ చెమట పట్టదు, పట్టేలోపే ఆరిపోతుంది. బాధంతా ఈగలతోనే. మన ఇళ్ళలో ఈగ తిండి మీద వాలుతుంది, ఇక్కడ ఈగకి కంటికొసల తడి కావాలి. మీరు పిల్లలతో వెళ్తే ఊళ్ళో దిగగానే ముందు కొనాల్సింది టోపీ మీంచి మొహానికి కప్పుకునే వల. ఒకటి తొమ్మిది డాలర్లు. నేను బేరమాడబోతే మేధ నా చెయ్యి గిల్లింది.

ఊరు మధ్యలో నది ఉందని చదివి వంతెన మీద కారాపాను. అత్తగారు అటు చూసి, ఇటు చూసి, "నదేదే?" అన్నారు. కింద అంతా ఇసకే. ఇసకలో పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్లు, వాటి నీడలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్న ఆ నేల తాలూకు మనుషులు. ఏటా ఒకరోజు ఈ ఇసకలో అడుగులేని పడవల్ని నడుముకి ఎత్తుకుని పరుగుపందెం పెడతారట. మేధకి అది విని నవ్వాగలేదు. నేను వెంటనే మనసులో ఒక మార్కు వేసుకున్నాను. నాలుగు రోజులూ నేను చేసిందదే. పిల్ల నవ్వితే ఒక మార్కు, ఆవలిస్తే ఒకటి తీసివేత.

మేం దిగిన చిన్న మోటల్ నడిపేది రాజమ్మ ఆంటీ. ఫిజీ తెలుగావిడ. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కాడట. ఎనభై ఏడులో సైన్యం అధికారం లాక్కున్నాక ఫిజీలో పరిస్థితులు బాగోక ఈ దేశం వచ్చారు. మా బొట్టూ చీరా చూడగానే ఆవిడ ఇంగ్లీషు ఆపేసి, "కూకోండమ్మా, నీళ్ళు తాగండి" అంది. ఫిజీ హిందీ, ఇంగ్లీషు, మధ్యమధ్య వాళ్ళ నాయనమ్మ నాటి తెలుగు. మా అత్తగారు ఆ తెలుగు విని కరిగిపోయారు. రాత్రి భోజనానికి గుమ్మడికాయ కూర, పలచటి రొట్టెలు పెట్టింది. పెరట్లో కరివేపాకు చెట్టు ఇంటి కప్పుదాకా ఉంది. ఎడారిలో కరివేపాకేమిటని అడిగితే, గిన్నెలు కడిగిన నీళ్ళన్నీ దానికే పోస్తానంది.

ముళ్ళబల్లి, నా తొందర

రెండో రోజు నా దగ్గర పెద్ద జాబితా ఉంది. పొద్దున ఎడారి పార్కు, మధ్యాహ్నం రేడియో బడి, సాయంత్రం పాత టెలిగ్రాఫ్ స్టేషను, ఖాళీ దొరికితే ఊరి మధ్యనున్న గుట్ట.

ఎడారి పార్కు పిల్లలున్న ఏ ఇంటికైనా రోజంతా సరిపోయే చోటు. పెద్దవాళ్ళకి నలభై డాలర్లకి కాస్త తక్కువ. ఆరుబయట మెట్ల మీద కూర్చుంటే గద్దలు, డేగలు మన తలల మీంచి రివ్వున వచ్చి వాలతాయి. ఒక పక్షి రాయిని ముక్కుతో పట్టుకుని గుడ్డు మీద కొట్టి పగలగొట్టింది. అత్తగారు చప్పట్లు కొట్టారు. చీకటి గదుల్లో పగలే రాత్రి చేసి పెట్టారు, అక్కడ బిల్బీలనే పొడుగు చెవుల చిన్న జంతువులు తిరుగుతుంటాయి. ఇవన్నీ నేను చూశానని చెప్పను, దాటాననాలి. ఒకటి చూస్తుండగానే నా కళ్ళు తర్వాతి బాణం గుర్తు మీద ఉంటాయి.

మేధ అలా కాదు. అరచెయ్యంత ముళ్ళబల్లి ఒకటి చీమల బారు పక్కన కూర్చుని ఒక్కో చీమనీ తింటోంది. మేధ అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై. నలభై. నేను పద పద అన్నాను. "ఫైవ్ మోర్ మినిట్స్ అమ్మా." ఆ అయిదు నిమిషాలు అరగంటైంది. బల్లి కదల్లేదు, పిల్ల కదల్లేదు, నేను మాత్రం ఆ గదిలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. చివరికి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. బయటికొచ్చాక, లెక్క నూట పద్దెనిమిది దగ్గర ఆగిపోయిందని చెప్పింది. ఆ మాట అన్న తీరుకి నాకు కాస్త తప్పు చేసినట్టనిపించింది, అయినా కారు స్టార్ట్ చేశాను.

రేడియో బడి గురించి మీలో కొందరు వినే ఉంటారు. పక్కింటికి వంద కిలోమీటర్లున్న పశువుల క్షేత్రాల్లో పెరిగే పిల్లలకి పూర్వం రేడియోలో పాఠాలు చెప్పేవారు. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద చెప్తున్నారు. మనలాంటి వాళ్ళు వెళ్ళి అద్దం ఇవతల కూర్చుని ఆ క్లాసు చూడొచ్చు. ఒకమ్మాయి ఇంటిదగ్గర పుట్టిన దూడని తెర ముందుకి లాక్కొచ్చి టీచరుకి చూపించింది. దూడ కీబోర్డు నాకింది. క్లాసంతా నవ్వింది, మేమూ నవ్వాం.

మాకు బడి చూపించే టీచరుని మేధ ఒక ప్రశ్న అడిగింది. ఆ పిల్లల ఇల్లు మారితే బడి కూడా మారుతుందా అని. ఈ ప్రాంతంలో ఎక్కడికి మారినా అదే టీచరు, అదే స్నేహితులు, అమ్మానాన్నల పని ఒక క్షేత్రం నుంచి ఇంకో క్షేత్రానికి మారుతూనే ఉంటుంది కదా అంది ఆవిడ. మేధ చాలాసేపు తల ఊపింది. పిల్లకి బడి నచ్చిందని నేను రెండు మార్కులు వేసుకున్నాను. ఎంత గుడ్డిదాన్నో చూడండి.

టెలిగ్రాఫ్ స్టేషన్ రాతి ఇళ్ళ దగ్గర గడ్డిలో కూర్చుని మామిడిపళ్ళు తిన్నాం. డార్విన్ వైపు నుంచి వస్తాయి, అక్టోబరులోనే పండుతాయి. ఒకటి మూడు డాలర్లు. అత్తగారు ఒకటి నోట్లో పెట్టుకుని, మన బంగినపల్లి ముందు దిగదుడుపేనన్నారు. అంటూనే మూడు తిన్నారు.

ఆ సాయంత్రమే ఒక పొరపాటు చేశాను. చవితికి పాలు కావాలని అత్తగారు పొద్దుట్నించీ చెప్తున్నారు. దుకాణం మూసేవేళకి పరుగెత్తి, చేతికందిన డబ్బా పట్టుకొచ్చాను. మోటల్లో ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని డబ్బా మీద బొమ్మ చూశారు. బాదంకాయల బొమ్మ. నాగేంద్రుడికి బాదంపాలు పోయించే కోడల్ని మొదటిసారి చూస్తున్నానన్నారు. రాజమ్మ ఆంటీ పడీపడీ నవ్వి, తన ఫ్రిజ్‌లోంచి చెంబుడు ఆవుపాలు తీసిచ్చింది.

పుట్ట దగ్గర

చవితి నాడు పొద్దున్నే ఊరికి పడమరగా ఉన్న కొండ చీలిక దగ్గరికి వెళ్ళాం. సింప్సన్స్ గ్యాప్ అంటారు. ఎర్రటి కొండ నిలువునా రెండుగా విడిపోయి, మధ్యలో ఇసక, చివర చిన్న నీటిగుంట. పొద్దున వెళ్తే రాళ్ళ మీద వల్లబీలు కనిపిస్తాయి. కంగారూకి చెల్లెళ్ళలా ఉంటాయి, కుందేలు కన్నా కాస్త పెద్దవి. పార్కు పాసు కావాలేమో వెళ్ళేముందు చూసుకోండి. పిల్లల్ని పరుగెత్తించడానికి బోలెడంత ఇసక.

తిరిగి వస్తుంటే దారి పక్కన గడ్డి దుబ్బుల మధ్య ఒక చెదల పుట్ట కనిపించింది. మోకాలెత్తు కూడా లేదు. కానీ ఎర్రగా, మన పుట్టలాగే ఉంది. అత్తగారు చెప్పులు విప్పేశారు. ఆవిడ తెల్లారి లేచి తలస్నానం చేసి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చారు. నేనూ వారించలేదు. సంచిలోంచి పసుపు, కుంకుమ, చిమ్మిలి ఉండలు, పాల చెంబు బయటికొచ్చాయి. మేధని పక్కన నిలబెట్టి దణ్ణం పెట్టుకోమన్నారు. అది కళ్ళు మూసుకుని చేతులు జోడించింది.

అత్తగారికి దేవుడితో గట్టిగా మాట్లాడే అలవాటు. ఉద్ధరిణితో పాలు పోస్తూ అన్నారు:

"నాగేంద్రా, నా కోడలు ఈ ఊళ్ళో ఉద్యోగానికొస్తానంటోంది. సోమవారం చెప్పాలంట. వచ్చేదే అయితే ఇక్కడైనా దాని కాలు నిలబెట్టు తండ్రీ. పిల్ల బడులు మారలేక నలిగిపోతోంది."

మేధ కళ్ళు తెరిచింది. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తారు కాబట్టి వాళ్ళకి తెలుగు వినపడదనుకుంటాం. నేను ఇంట్లో ఎన్ని రహస్యాలు దాని ముందే తెలుగులో మాట్లాడానో ఆ క్షణంలో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అది నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. అత్తగారికి ఏం జరిగిందో తెలియనే తెలియదు. పుట్టమన్ను చిటికెడు తీసి పిల్ల రెండు చెవులకీ రాసి, ఇంకాస్త గుప్పెడు కొంగున కట్టుకున్నారు, తెనాలిలో మనవళ్ళకి పట్టికెళ్దామని.

అప్పుడే వెనక నుంచి ఒకావిడ గుడ్ మార్నింగ్ అంది. పార్కుని చూసుకునే రేంజరు. ఆ నేలకే చెందిన అరండ తెగ మనిషి, యాభై ఏళ్ళుంటాయి. కోప్పడుతుందనుకున్నాను. ఏం చేస్తున్నారని మామూలుగా అడిగింది. నేను తడబడుతూ పాముల పండగ అని, పుట్టలో పాముంటుందని నమ్మకమని, పిల్లల చెవులు బాగుండాలని మన్ను రాస్తామని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. తమకీ పాముల కథలున్నాయంది, కానీ అవి తను నాకు చెప్పదగ్గవి కావంది. ఇక్కడి మట్టి ఇక్కడే ఉండాలి, బయటి తిండి ఇక్కడ వదలకూడదు, ఏదైనా చెయ్యాలనుకుంటే ముందు ఇక్కడివాళ్ళని అడగాలి అంది. గొంతు పెంచలేదు.

నేను తెలుగులో చెప్పగానే అత్తగారి మొహం పాలిపోయింది. కొంగుముడి విప్పి మన్నంతా జాగ్రత్తగా పుట్ట పక్కన పోశారు. పసుపుకుంకాలు ఎత్తి కాగితంలో చుట్టుకున్నారు. "ఒకరి పూజగదిలోకి చెప్పులేసుకుని వెళ్ళినట్టయిందే. తప్పయిపోయిందని చెప్పు" అన్నారు. చెప్పాను. పోసిన చెంచాడు పాల తడిని చూసి రేంజరు, దాని సంగతి ఎండ చూసుకుంటుందిలే అంది. అత్తగారు చిమ్మిలి ఉండ ఒకటి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ కొరికి చూసి, నువ్వులా అని అడిగి, మిగతా సగం తుంచి కాగితంలో పెట్టి జేబులో వేసుకుంది. మీరు వెళ్తే మాత్రం మాలాగా చెయ్యకండి. అడిగి చెయ్యండి, అంతే.

మెడలో కొండచిలువ

మధ్యాహ్నం పాముల కేంద్రానికి వెళ్ళాలని ముందే టికెట్లు తీసుకున్నాను. కారులో నేను వాగుతూనే ఉన్నాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదన్నాను. ఊరికే చూద్దామని వచ్చామన్నాను. ఇక్కడ ఈతకొలనులున్నాయి, మంచి బడులున్నాయన్నాను. మేధ కిటికీలోంచి చూస్తూ "ఓకే" అంది. ఇంకొకటి చెప్పాను. "ఓకే." ఆ పిల్ల కోపం తెచ్చుకుని అరిచుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.

పాముల కేంద్రం చిన్నదే, కానీ పిల్లలకి పండగ. మెడలో కొండచిలువని వేస్తారు. ముందు పెద్ద బల్లుల్ని చేతికిచ్చి అలవాటు చేస్తారు, భయపడితే బలవంతం లేదు. మేధ పాముని మెడలో వేసుకుని కదలకుండా నిలబడింది. పాము దాని జుట్టు వాసన చూసింది. చుట్టూ ఉన్న పిల్లలు కేకలేస్తుంటే మేధ మొహంలో చలనం లేదు. పొద్దున్నించీ పుట్టమన్ను ఎర్రగా చెవులకి అలాగే ఉంది.

అత్తగారికి ఇదంతా భగవంతుడి ఏర్పాటులా తోచింది. పుట్ట దగ్గర తప్పు చేశానని పొద్దున్నించీ కుమిలిపోతున్నారు, ఇప్పుడు మనవరాలి మెడలో సాక్షాత్తూ నాగేంద్రుడు. అందరి మధ్యా మోకాళ్ళ మీద కూర్చుని నేలకి తల ఆనించారు. పాముని పట్టుకోనిచ్చే కుర్రది ఆవిడ కళ్ళు తిరిగి పడిందనుకుని నీళ్ళకోసం పరుగెత్తింది. ఆవిడ లేచి, ముట్టుకుంటారా అంటే మాత్రం రెండడుగులు వెనక్కి వేశారు. దణ్ణం వేరు, ముట్టుకోడం వేరట. అందరూ నవ్వారు. మేధ కూడా ఒక్క క్షణం నవ్వింది, నా వైపు చూసి ఆపేసుకుంది.

సాయంత్రం వంటింట్లో రాజమ్మ ఆంటీ పక్కన కూర్చున్నాను. కూర్చున్నానే కానీ, లేచి గిన్నెలు సర్దాను, మళ్ళీ కూర్చున్నాను. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఎలా ఉన్నారాంటీ అనడిగాను.

"నాను ఆరునెల్లకని వచ్చినాను. టికెట్టు తీసుకోడానికి టైము కుదరనేదు" అంది రొట్టె తిప్పుతూ.

పిల్లలు ఇక్కడే చదివారట, ముగ్గురూ ఒకే బడిలో. పెద్దమ్మాయి ఇప్పుడు అదే బడిలో టీచరు. ఆవిడ ఇది గొప్పగా చెప్పలేదు, గుమ్మడికాయ ధర చెప్పినట్టే చెప్పింది. నాకు కలిగింది అసూయ అనుకుంటాను. ఆవిడ ఇక్కడ ఉండిపోయినందుకు కాదు, ఉండిపోవడం గురించి ఆలోచించక్కర్లేకుండా ఉండగలిగినందుకు.

ఒంటె మీద

ఆదివారం పొద్దున ఒంటెల ఎస్టేటు. మధ్యాహ్నం విమానం. ఈ ఒంటెల తాతముత్తాతల్ని పాతరోజుల్లో మన ఉపఖండం వాయవ్యం నుంచి, వాటిని నడిపే మనుషులతో సహా ఓడల్లో తెచ్చారట. రైళ్ళూ లారీలూ వచ్చాక ఒంటెల్ని ఎడారిలోకి వదిలేశారు. అవి వెనక్కి వెళ్ళే దారిలేక ఇక్కడే పిల్లాపాపలతో స్థిరపడ్డాయి. ఒక్కో ఒంటె మీద ఇద్దరు, ముందొకరు, వెనకొకరు. అత్తగారు ఎక్కనంటే ఎక్కనని నీడలో కూర్చున్నారు. మా ఒంటె పేరు బిస్కెట్. అది లేచేటప్పుడు మొదట వెనక కాళ్ళు లేపుతుంది, మీరు ముందుకి పడిపోతారు. గట్టిగా పట్టుకోండి.

మేధ నా ముందు కూర్చుంది. దాని మొహం నాకు కనిపించదు. టోపీ కింద చెవులు మాత్రం కనిపిస్తున్నాయి. కాసేపు వెళ్ళాక అది తిరగకుండానే మాట్లాడింది. మొదట ఇంగ్లీషులో, తనకి ఇక్కడ నచ్చిందంది. బల్లి నచ్చింది, పాము నచ్చింది, రాజమ్మ ఆంటీ నచ్చింది. టూవూంబాలో స్నేహితురాలు ఆరియాకి ఫోన్ చేసుకోవచ్చు. "ఐయామ్ ఓకే అమ్మా. లెట్స్ మూవ్ హియర్."

నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఒంటె మీద ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాలుగు రోజుల మార్కులన్నీ ఒక్కసారి కలిసొచ్చాయి. అప్పుడే మధ్యాహ్నం ఆసుపత్రికి ఏం రాయాలో, ఏ పేటలో ఇల్లు చూడాలో బుర్రలో గిర్రున తిరిగాయి.

అప్పుడు అది తెలుగులో అంది. ఇన్నేళ్ళలో అది నాతో అంత పొడుగు మాట తెలుగులో అనడం నేనెరగను.

"కానీ ఇదే లాస్ట్. నేను పన్నెండో క్లాసు అయ్యేదాకా మళ్ళీ మారకూడదు. నా తల మీద ఒట్టు వెయ్యి."

ఒట్టు నాన్నమ్మ నేర్పింది. ఈ నాలుగు నెలల్లో పేకాటలో దొంగాట ఆడినప్పుడల్లా ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టి ఒట్లు వేసుకుంటారు. అబద్ధపు ఒట్టు వేస్తే ఏమవుతుందో కూడా నాన్నమ్మ చెప్పింది.

చేతులు వదిలితే పడిపోతాం, దిగాక వేస్తాలే అన్నాను. అది సరేనంది. ఇంకా పావుగంట నడిచింది ఆ ఒంటె. ఆ పావుగంటలో నేను పన్నెండో క్లాసుదాకా ఎన్నేళ్ళో లెక్కపెట్టాను. ఏడు. ఏడేళ్ళు ఈ ఎర్రకొండలు, ఈ ఇసక నది, అదే ఆసుపత్రి తలుపు, అదే వీధి. ఊరు మంచిదే. నాకు నచ్చింది కూడా. అయినా మూడో ఏడు ఊహించేసరికి నా కాళ్ళలో అప్పుడే ఒక దురద మొదలైంది. ఇంకా రాని ఊరిని వదిలి ఎక్కడికి వెళ్దామా అని ఆలోచిస్తున్నాను. డార్విన్ ఎలా ఉంటుందో అనుకున్నాను. నా మీద నాకే అసహ్యమేసింది.

ఒంటె కూర్చుంది. దిగాం. మేధ టోపీ తీసేసి, వల మడిచి చంకలో పెట్టుకుని, నా ముందు తల వంచి నిలబడింది. పాపిట్లో ఎర్రమట్టి. ఈగలు దాని కళ్ళ మీద వాలుతున్నా తోలుకోలేదు.

నేను మందుల మనిషిని. ఒట్టు వల్ల ఎవరికీ ఏమీ కాదని నాకు తెలుసు. ఎవరైనా అడిగితే నవ్వేదాన్ని. చెయ్యి ఎత్తడానికి ఎంతసేపు, పెట్టేస్తే పనైపోతుంది. కానీ నా చెయ్యి లేవలేదు. అటు నీడలోంచి అత్తగారు చూస్తున్నారు.

మేధ తల ఎత్తి నా చేతుల వంక చూసింది. "ఇట్స్ ఓకే అమ్మా" అంది. కోపంగా కాదు, ఓదార్చినట్టు అంది. టోపీ పెట్టుకుని వల కిందికి లాక్కుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈగలు కళ్ళలో పడ్డాయని చెప్పాను, వాళ్ళిద్దరూ నమ్మినట్టు ఊరుకున్నారు.

టూవూంబా

విమానాశ్రయంలో బల్ల మీద ఫోన్ పెట్టుకుని, రాలేనని ఆసుపత్రికి రాశాను. అయిదు వాక్యాలు. నా ఉత్తరాల్లో అంత చిన్నది ఇంకోటి లేదు. అరగంట ముందుకి తిప్పుకోవాల్సిన గడియారం గొడవ అత్తగారు మళ్ళీ మొదలుపెట్టారు. మేధ ఆవిడకి లెక్క చెప్పింది.

వద్దని రాసేశానని నేను పంపిన మెసేజ్ చూసుకుని, మా ఆయన బ్రిస్బేన్ విమానాశ్రయానికి కారు తెచ్చారు. అత్తగారూ మేధా వెనక సీట్లో కూర్చునేదాకా ఆగి, డిక్కీలో పెట్టెలు పెడుతూ, ఏమైంది, పిల్ల వద్దందా అని మెల్లగా అడిగారు.

"లేదండీ, సరేనంది" అన్నాను. "పన్నెండో క్లాసుదాకా మళ్ళీ కదలనని తన తల మీద ఒట్టు వెయ్యమంది."

ఆయన డిక్కీ మూసి, చెయ్యి దాని మీదే ఉంచి, నా వంక చూశారు. వేశావా అని అడగలేదు.